తెల్లవార్లూ ఆగని బరాత్

పాఠకుల ప్రశ్నలకు పిల్లల న్యూరాలజిస్టు జవాబులు

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది మల్కాజిగిరి. మా బాబుకి ఏడేళ్ళు నిండి ఎనిమిదోది నడుస్తోంది. రెండో తరగతి. నాలుగున్నరేళ్ళప్పుడు ఒకరోజు తెల్లవారుజామున నిద్రలో మూతి ఒక పక్కకి లాక్కుపోయి, చొంగ కారుతూ, గొంతులోంచి గురగురమని శబ్దం వచ్చింది. రెండు నిమిషాల్లో తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. డాక్టర్‌గారు తలకి వైర్లు అంటించి మెదడు కరెంటుని గీతలుగా తీసే ఈఈజీ, ఎమ్మారై స్కాన్ చేయించారు. ఎమ్మారై నార్మల్ అని చెప్పి ఆక్స్‌కార్బజెపీన్ అనే ఫిట్స్ సిరప్ రాశారు. మధ్యలో డోసు పెంచారు. ఏడాదిన్నరగా ఒక్క ఫిట్ కూడా రాలేదు. సంతోషించాం.

కానీ ఎనిమిది నెలలుగా వీడు మా పిల్లవాడేనా అనిపిస్తోంది. యూకేజీలో వేమన పద్యాలు పది గడగడా చెప్పేవాడు. ఇప్పుడు ఒక్కటీ రాదు. మొదటి పాదం నేనందిస్తే నా మొహంలోకి చూస్తాడు. రాత్రి నేర్పిన డిక్టేషన్ మాట పొద్దున్నకి ఉండదు. చొక్కా గుండీలు సొంతంగా పెట్టుకునేవాడు, ఇప్పుడు పైది కింది కాజాలో పెడతాడు. ఊరికే కోపం. చెల్లెల్ని కొరికాడు. పొద్దున్న లేపితే రాత్రంతా కళ్ళు మూయనివాడిలా లేస్తాడు. ‘క్లాసులో వినడు, పక్కవాళ్ళని తోస్తాడు’ అని టీచర్ డైరీలో ఎర్ర సిరాతో రాస్తారు. ట్యూషన్ పెట్టించాం. మా అత్తగారు దిష్టి అంటారు. మావారు నా గారాబం అంటారు. డాక్టర్‌గారు మళ్ళీ ఈఈజీ తీయించారు. బాబు మెలకువగానే ఉన్నాడు, ఫోన్లో కార్టూన్ పెడితే కదలకుండా కూర్చున్నాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ‘పెద్దగా ఏమీ లేదు, ఫిట్స్ రావట్లేదు కదా, అదే మందు వాడండి’ అన్నారు. ఫిట్స్ తగ్గాక చదువు ఎందుకు పోతుంది మేడమ్?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఫిట్స్ ఆగినంత మాత్రాన మెదడులో జరిగేది ఆగినట్టు కాదు. మనం ఫిట్ అనేది బయటికి కనబడే భాగం. కనబడకుండా, చెయ్యి కాలు కదలకుండా, పిల్లవాడు హాయిగా పడుకున్నట్టే ఉండగా రాత్రంతా మెదడులో కరెంటు గందరగోళం సాగే జబ్బు ఒకటుంది. అరుదైనదే. ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేయడం నా పని కాదు. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసినవి రెండే మాటలు: పద్యాలు పోయాయి, ఈఈజీ మెలకువలో తీశారు. మీ బాబుకి నిద్రలో ఈఈజీ తీయాలి. ఈ జవాబులో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఈ జబ్బుకి పేర్లు ఎక్కువ. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో పాత్రీ, ల్యగూబీ, టసినారి అనే ముగ్గురు 1971లో ఆరుగురు పిల్లల గురించి రాశారు. మెలకువలో అక్కడక్కడా కనిపించే స్పైకులు, అంటే ఈఈజీ గీతలో సూదిమొనల్లా లేచేవి, పిల్లలు నిద్రలోకి జారగానే ఎడతెగకుండా రావడం వాళ్ళు చూశారు. దాన్ని ఈఎస్‌ఈఎస్ అన్నారు. తర్వాత సీఎస్‌డబ్ల్యూఎస్ అన్నారు. 2022లో అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం వర్గీకరణ సవరించి డీఈఈ-స్వాస్, ఈఈ-స్వాస్ అని పెట్టింది. పేర్లు మార్చడం మా డాక్టర్లకి ఒక సరదా. అన్నీ నిద్రలో స్పైకులు చెలరేగడం గురించిన పొడి అక్షరాల పేర్లే. మీ రిపోర్టులో వీటిలో ఏది కనిపించినా ఒకే కుటుంబం అనుకోండి.

ఇది రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య మొదలవుతుంది, ఎక్కువగా నాలుగైదేళ్ళప్పుడు. కొందరికి పుట్టినప్పుడు మెదడుకి దెబ్బ తగిలిన చరిత్ర ఉంటుంది. కొందరిలో జీన్ మార్పు దొరుకుతుంది, గ్రిన్2ఏ అనే జీన్ సంగతి 2013లో బయటపడింది. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. మీ బాబుకి మొదట వచ్చినలాంటివి, అంటే నిద్రలో మూతి వంకర, చొంగ, గురగుర, పిల్లల్లో మామూలుగా చూసే రోలాండిక్ ఎపిలెప్సీలో వస్తాయి. అది నూటికి తొంభై పైగా పిల్లల్లో పెద్దయ్యాక పోతుంది. అందుకే మేం ధైర్యం చెప్పి పంపేస్తాం. అతి కొద్దిమందిలో మాత్రం అదే ఈ దారి పడుతుంది.

నిద్రలో స్పైకులు వస్తే చదువు ఎందుకు పోవాలి? నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులకి నేను చార్మినార్ కథ చెబుతాను. పగలంతా అక్కడ జనం, బండ్లు, గాజుల దుకాణాలు, చెత్త. అర్ధరాత్రి దాటాక జీహెచ్‌ఎంసీ వాళ్ళు వచ్చి ఊడుస్తారు. తెల్లారేసరికి రోడ్డు మళ్ళీ నడవడానికి పనికొస్తుంది. మెదడు కూడా గాఢనిద్రలో అలాంటి పనే చేస్తుందని పరిశోధకులు అంటారు. పగలు నేర్చుకున్నవాటిలో ఉంచాల్సినవి ఉంచి, గట్టి చేసి, మెదడు కణాల మధ్య అక్కర్లేని అతుకులు సడలిస్తుంది. గాఢనిద్రలో మెల్లగా వచ్చే పెద్ద అలల్లోనే ఆ పని జరుగుతుంది. ఇప్పుడు ఆ రోడ్డు మీద రాత్రంతా బ్యాండు వాయిస్తూ బరాత్ నడుస్తోందనుకోండి, ఒక్క రోజు కాదు, ప్రతి రాత్రీ. ఊడ్చేవాళ్ళు చీపుర్లు పట్టుకుని పక్కన నిలబడాల్సిందే. రాత్రి నేర్పిన డిక్టేషన్ పొద్దున్నకి ఉండకపోవడం, పడుకుని లేచినా అలసటగా ఉండటం, ఊరికే కోపం రావడం, అన్నీ అక్కడి నుంచే వస్తుండవచ్చు. దిష్టీ కాదు, గారాబమూ కాదు. ఈ వాక్యం మీవారికి చదివి వినిపించండి.

నిద్రలో ఈఈజీ అని అంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. నేను తప్పు చేసి నేర్చుకున్నాను. పదహారేళ్ళ కిందటి మాట. ఆటో నడిపే ఆయన కూతురు, ఆరేళ్ళ పిల్ల. మొదటిసారి వచ్చినప్పుడు నా స్టెతస్కోపు లాక్కుని తన బొమ్మ గుండె చూసింది. ఫిట్స్‌కి కార్బమజెపీన్ రాశాను. ఫిట్స్ తగ్గాయి. తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల కాస్త మసకబారినట్టు ఉండేది. చొంగ కారేది, చేతిలో గ్లాసు జారేది. ‘స్కూల్లో బద్ధకం అంటున్నరు మేడమ్’ అనేవాడు వాళ్ళ నాన్న. రెండుసార్లు ఈఈజీ తీయించాను, రెండుసార్లూ పగలు, మెలకువలో. అక్కడక్కడా స్పైకులు, అంతే. మూడోసారి టోకెన్ తీసుకుని వరండాలో కూర్చుని కూర్చుని ఆ పిల్ల నాన్న ఒళ్ళో నిద్రపోయింది. టెక్నీషియన్ ఫోన్ చేసి ‘లేపమంటారా మేడమ్?’ అని అడిగాడు, నేను జవాబు చెప్పేలోపు ‘వద్దులెండి, పడుకోనిద్దాం’ అన్నాడు. పది నిమిషాలకి మళ్ళీ ఫోన్. ‘ఒకసారి కిందికి రండి.’ స్క్రీన్ మీద ఖాళీ లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి స్పైకులే. పది నెలలు నేను పగలు వెతికాను, జబ్బేమో రాత్రి ఉంది. పైగా నేను రాసిన మందే కొంతమంది పిల్లల్లో ఈ స్పైకుల్ని పెంచుతుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు పెద్దదైంది. బ్లౌజులు కుడుతుంది, చేతిపని చాలా బాగుంటుంది. కొలతలు మాత్రం వాళ్ళమ్మ రాసి పెడుతుంది. ఆ పది నెలలు నా దగ్గరే ఉన్నట్టు నాకు అనిపిస్తూ ఉంటుంది. ఆ టెక్నీషియన్ రిటైర్ అయ్యాడు. పండక్కి ఫోన్ చేస్తాడు.

ఇక మీ పని. బాబు వాడుతున్న ఆక్స్‌కార్బజెపీన్ కూడా కార్బమజెపీన్ కుటుంబందే. ఇది చదివి ఈ రాత్రే సీసా పక్కన పెట్టేయకండి. హఠాత్తుగా ఆపితే పెద్ద ఫిట్స్ రావచ్చు, ఆగకుండా కూడా రావచ్చు. మార్చాలంటే డాక్టరే, ఈఈజీ చూశాక, మెల్లగా మార్చాలి. మీ డాక్టర్‌గారి దగ్గరికే వెళ్ళి, ‘నిద్రలో ఈఈజీ తీయించమంటారా? పిల్లవాడు వచ్చినవి మర్చిపోతున్నాడు’ అని అడగండి. ‘చదవట్లేదు’ అనకండి, ఆ మాట ప్రతి తల్లీ అంటుంది, మా చెవులకి అలవాటైపోయింది. ‘వచ్చినవి పోయాయి’ అనండి. పద్యాలు చెబుతున్న పాత వీడియో మీ ఫోన్లో తప్పకుండా ఉంటుంది, అది చూపించండి. వెంటనే ఇప్పటిది చూపించండి. ఆ రెండు వీడియోలకంటే బలమైన రిపోర్టు ఉండదు. డాక్టర్‌గారికి కోపం వస్తుందేమోనని టెన్షన్ పడొద్దు. వస్తే రానివ్వండి. కుదరకపోతే పిల్లల న్యూరాలజిస్టుని వెతుక్కోండి, మన ఊళ్ళో ఉన్నారు. పంజగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది.

పరీక్షకి ముందు రోజు తలస్నానం చేయించండి, నూనె రాయొద్దు. నూనె ఉంటే వైర్లు అంటుకోవు. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపమంటారు. మల్కాజిగిరి నుంచి వచ్చేటప్పుడు క్యాబ్‌లో నిద్రపోకుండా చూసుకోండి, సగం పిల్లలు అక్కడే కునుకు తీసి ల్యాబ్‌లో కళ్ళు టపటపలాడిస్తారు. రోజూ కప్పుకునే దుప్పటో, మీ పాత చీరో తీసుకెళ్ళండి. అవసరమైతే నిద్రమందు వాళ్ళే ఇస్తారు. కునుకు సరిపోదు, గాఢనిద్ర రికార్డు కావాలి. వీలైతే రాత్రంతా తీసే ఈఈజీ ఇంకా మంచిది.

రిపోర్టులో స్పైక్ వేవ్ ఇండెక్స్ అని ఒక శాతం ఉంటుంది. నిద్రలో ఎంత భాగం స్పైకులతో నిండిందో చెప్పే లెక్క. ఒకప్పుడు 85 శాతం దాటితేనే ఈ జబ్బు అనేవారు, ఇప్పుడు 50 ఉన్నా తీసుకుంటున్నారు. ఆ అంకెని పదో తరగతి మార్కుల్లా పట్టుకుని కూర్చోవద్దు. 60 ఉన్న పిల్లవాడు బాగా దెబ్బతినొచ్చు, 80 ఉన్నవాడు కొంత నెట్టుకు రావచ్చు. అంకె పక్కన పిల్లవాడిని నిలబెట్టి చూడాలి.

ఇదే అని తేలితే వైద్యం ఉంది. ఫిట్స్ మందులు కొన్ని, ముఖ్యంగా క్లోబజామ్ వాడతాం. కొందరికి కొన్నాళ్ళు రాత్రిపూట డయాజెపామ్ ఇస్తాం. వాటికి లొంగకపోతే, కొన్నిసార్లు మొదటి నుంచే, స్టెరాయిడ్లు. స్టెరాయిడ్ అనగానే ఇళ్ళలో గొడవ మొదలవుతుందని నాకు తెలుసు. బుగ్గలు పూరీల్లా పొంగుతాయి, రాత్రి పదింటికి దోసె అడుగుతాడు, చిరాకు పెరగొచ్చు, బీపీ, షుగర్ చూస్తూ ఉండాలి. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే వెంటనే మాకు చెప్పాలి, టీకాలు వేయించే ముందు అడగాలి. హఠాత్తుగా ఆపకూడదు. ఇవన్నీ నిజమే. కానీ రెండు మూడు వారాలకి ‘అమ్మా, నీళ్ళు’ అని ఏడాది తర్వాత మళ్ళీ అడిగిన పిల్లల్ని నేను చూశాను. అందరికీ అలా జరగదు. మందు తగ్గించగానే స్పైకులు తిరిగొచ్చిన పిల్లలూ ఉన్నారు. అన్నం, ఇడ్లీ దాదాపు మానేసి నెయ్యి, నూనె తూకం వేసి పెట్టే కీటో ఆహారం కొందరికి పనికొస్తుంది, డైటీషియన్ లేకుండా యూట్యూబ్ చూసి మొదలుపెట్టకండి. మెదడులో ఒక పక్క పాత మచ్చ ఉన్న పిల్లల్లో కొందరికి ఆపరేషన్ వల్ల మంచి మేలు జరుగుతుంది. మీవాడి ఎమ్మారై బాగుంది కాబట్టి ప్రస్తుతానికి దాని ఊసు వద్దు.

‘పెద్దయితే పోతుంది’ అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. అది సగం నిజం. యుక్తవయసు వచ్చేసరికి స్పైకులూ ఫిట్సూ చాలామందిలో పోతాయి. అప్పటిదాకా పోయిన చదువు, మాట, నడవడి మాత్రం చాలామందిలో పూర్తిగా తిరిగి రావు. ఎంత ఎక్కువ కాలం సాగితే అంత నష్టం. అందుకే ఈ నెలలోనే ఈఈజీ అంటున్నాను, వేసవి సెలవుల్లో కాదు.

ట్యూషన్ మాత్రం రేపే మానిపించండి. దానికి ఏ పరీక్షా అక్కర్లేదు. కారే బకెట్‌లో ఇంకో చెంబు పోయడం అది. తొమ్మిదింటికి పడుకోబెట్టండి. టీచర్‌ని కలిసి, ‘వినడు’ అని కాకుండా రోజూ ఏం మర్చిపోయాడో రాయమని అడగండి. ఆ డైరీ మాకు మందు పనిచేస్తోందో లేదో చెబుతుంది. ఎర్ర సిరా అయినా ఫరవాలేదు. ఒక్క పద్యం ఎంచుకుని ఆదివారం ఆదివారం వాడితో చెప్పించి ఫోన్లో రికార్డు చేయండి, రాకపోతే కోప్పడకుండా. అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, ఉప్పు మిరపకాయల వల్ల మందుకి అడ్డం లేదు. చెల్లెలికి మాత్రం ‘అన్నకి ఒంట్లో బాగాలేదు’ అని చెప్పండి. కరిపించుకున్న పిల్ల, తనకీ ఒక కారణం తెలియాలి.

ప్రశ్న: డాక్టరమ్మా, నేను రిటైర్డ్ ఉద్యోగిని, ఉప్పల్. మా మనవరాలికి అయిదున్నరేళ్ళు. ‘తాతా, కుక్కర్ మూడు కూతలు వేసింది’ అని నాకు వార్తలు చెప్పే పిల్ల. నాలుగు నెలలుగా పిలిస్తే పలకదు. కాలింగ్ బెల్ మోగినా, ఫోన్ మోగినా ఒకేలా చూస్తుంది. మాటలు తగ్గి ఇప్పుడు రెండు మూడు మిగిలాయి. చెవుడు అనుకుని బేరా పరీక్ష చేయించాం, చెవులు బాగున్నాయన్నారు. ఒకరు ఆటిజం అన్నారు. ఫిట్స్ ఎన్నడూ లేవు. మీ దగ్గరికి రావాలా, ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళాలా?

జవాబు: అయ్యా, పై ఉత్తరం చదివారు కదా, మీ మనవరాలికీ నిద్రలో ఈఈజీయే ముందు. ఫిట్స్ లేవు కాబట్టి ఎవరూ ఆ పరీక్ష రాయరు, అదే చిక్కు. 1957లో అమెరికాలో లాండౌ, క్లెఫ్‌నర్ అనే ఇద్దరు ఇలాంటి పిల్లల గురించే రాశారు. బాగా మాట్లాడే పిల్లలు చెవులు బాగుండీ మాట అర్థం కాని స్థితిలోకి వెళ్ళడం. చెవి వింటుంది, మెదడు ఆ శబ్దాన్ని మాటగా పోల్చుకోలేదు. కొందరు పిల్లలు కుక్కర్ కూతకీ బెల్లుకీ తేడా కూడా పోగొట్టుకుంటారు. మీరు రాసింది సరిగ్గా అదే. వీళ్ళలో నూటికి సుమారు 20 నుంచి 30 మందికి ఫిట్స్ అసలు రావు. ఆటిజంలో మాటలు పోవడం ఎక్కువగా ఏడాదిన్నర, రెండేళ్ళప్పుడు చూస్తాం. అయిదేళ్ళు గలగలా మాట్లాడి ఆగిపోతే ముందు దీన్ని వెతకాలి.

వైద్యం ఒక పక్క సాగుతుండగా మాట్లాడుకోవడం ఆపకండి, దారి మార్చండి. గట్టిగా అరిచి లాభం లేదు, చెవి సమస్య కాదు. బొమ్మలు చూపించండి, చేతి సైగలు వాడండి. సైగలు నేర్పితే మాట రాదేమోనని భయం వద్దు, చెప్పాలనుకున్నది చెప్పలేక వచ్చే కోపం వాటితో సగం తగ్గుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మాట, వినికిడి సమస్యలకి. ఉప్పల్ నుంచి కాస్త దూరమే. రిటైర్ అయ్యానన్నారు కదా, స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళే డ్యూటీ మీరు తీసుకోండి.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో స్కూల్ టీచర్‌ని. మా క్లాసులో ఒక బాబుకి ఫిట్స్ వస్తే ఆయమ్మ తాళంచెవుల గుత్తి చేతిలో పెడుతుంది. నిజంగా పనిచేస్తుందా?

జవాబు: పనిచేయదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, పేరు తాళాలకి వస్తుంది. నోట్లో స్పూన్, వేలు, నీళ్ళు, ఏమీ పెట్టొద్దు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద స్వెటరో బ్యాగో పెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఆగాక పిల్లవాడు మత్తుగా నిద్రపోతాడు. పడుకోనివ్వండి, ఆ పీరియడ్ లెక్కలు రేపు చెప్పుకోవచ్చు.